హెచ్6 కొంప ముంచేదెప్పుడు, కాపాడేదెప్పుడు?

చదరంగం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం కారో-కాన్ చుట్టూనే తిరిగాయి. తెలుపు ఇ4కి నలుపు సి6తో జవాబిచ్చి మొదలుపెట్టే ఓపెనింగ్ అది. అందుకని జవాబులన్నిటికీ ఒకే గేమ్ పట్టుకున్నాం. 1997 మే 11న న్యూయార్క్‌లో డీప్ బ్లూ కంప్యూటర్‌కీ అప్పటి ప్రపంచ చాంపియన్ గ్యారీ కాస్పరోవ్‌కీ జరిగిన ఆరో గేమ్ అది. తెలుపు డీప్ బ్లూ, నలుపు కాస్పరోవ్. బోర్డు పరుచుకుని కూర్చుంటేనే కింద రాసినవి ఒంటబడతాయి.

పావుల పేర్ల గురించి ముందే ఒక మాట. ఒకింట్లో ఒంటె అనేదాన్ని పక్కింట్లో శకటు అంటారు. ఆ తగవు లేకుండా బిషప్, రూక్ అనే రాస్తున్నాం. రాజు, మంత్రి, గుర్రం, బంటు మామూలే. × గుర్తు ఉంటే చంపడం. పావు పేరు లేకుండా గడి మాత్రమే ఉంటే అది బంటు ఎత్తు. గడి పేర్లు తెలుపు వైపు నుంచి: నిలువు వరసలకి ఎడమ నుంచి ఎ, బి, సి... హెచ్ దాకా, అడ్డు వరసలకి కింది నుంచి 1 నుంచి 8 దాకా. అంకె తర్వాత మూడు చుక్కలుంటే (7...హెచ్6) అది నలుపు ఎత్తు.

గేమ్ ఇదీ: 1. ఇ4, సి6, 2. డి4, డి5, 3. గుర్రం సి3, డి×ఇ4, 4. గుర్రం×ఇ4, గుర్రం డి7, 5. గుర్రం జి5, రెండో గుర్రం ఎఫ్6, 6. బిషప్ డి3, ఇ6; 7. రెండో గుర్రం ఎఫ్3, హెచ్6, 8. గుర్రం×ఇ6, మంత్రి ఇ7, 9. రాజు వైపు క్యాస్లింగ్ (రాజు, రూక్ ఒకేసారి జరిగే ఎత్తు), ఎఫ్×ఇ6, 10. బిషప్ జి6 చెక్, రాజు డి8, 11. బిషప్ ఎఫ్4, బి5; 12. ఎ4, బిషప్ బి7, 13. రూక్ ఇ1, గుర్రం డి5, 14. బిషప్ జి3, రాజు సి8, 15. ఎ×బి5, సి×బి5, 16. మంత్రి డి3, బిషప్ సి6, 17. బిషప్ ఎఫ్5, ఇ×ఎఫ్5, 18. రూక్×ఇ7, బిషప్×ఇ7, 19. సి4. నలుపు రిజైన్, అంటే ఓటమి ఒప్పుకుంది.

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి. కారో-కాన్‌లో పదిహేను ఎత్తుల దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. టోర్నమెంట్‌లో ఎదుటివాడు ఆరో ఎత్తుకే దారి మారిస్తే చేతులెత్తేస్తాడు. ‘గేమ్ చదువుకో’ అంటారు కోచ్ గారు. చదవడమంటే అసలు ఏం చేయాలండీ? – ఒక తల్లి, తెనాలి

జవాబు: అప్పజెప్పడం ఎక్కాలకి పనికొస్తుందమ్మా, ఓపెనింగ్‌కి సగమే పనికొస్తుంది. మీ వాడికి ఏ ఎత్తు తర్వాత ఏ ఎత్తో తెలుసు. ఆ ఎత్తు ఏ పని చేస్తోందో, దాన్ని ఆడినందువల్ల ఏ గడి కాపలా పోయిందో తెలియదు. ఎదుటివాడు దారి మార్చగానే కావలసింది ఆ రెండోదే.

ఇలా చేయించండి. అసలైన బోర్డు, పావులు. ఫోన్ పక్క గదిలో. మీ వాడు నలుపుతో కారో-కాన్ ఆడతాడు కాబట్టి నల్ల పావులు తన వైపే ఉండాలి. యాప్‌లు, పుస్తకాలు తెలుపును కిందపెట్టి చూపిస్తాయి. అలాగే అలవాటైతే పోటీలో బోర్డు తలకిందులుగా కనబడుతుంది. ఎత్తుల పట్టిక మీద ఒక అట్టముక్క పెట్టి ఒక్కో ఎత్తూ కిందికి జరుపుతూ రావాలి. మొదటి ఆరు ఎత్తులు ఆగకుండా ఆడేయొచ్చు. ఏడో ఎత్తు దగ్గర ఆగాలి. అక్కడి నుంచి ప్రతి నల్ల ఎత్తుకీ ముందు తను ఏం ఆడేవాడో కాగితం మీద రాసి, ఆ తర్వాతే అట్ట జరపాలి. ఎత్తుకి రెండు మూడు నిమిషాలు. పావుల మారకం జోరుగా సాగే చోట ఐదు నిమిషాలైనా పర్వాలేదు. ఈ గేమ్ చిన్నది, నలభై నిమిషాల్లో అయిపోతుంది.

రాసేటప్పుడు ‘మంచి ఎత్తు’, ‘డెవలప్‌మెంట్’ లాంటి మాటలు ఒప్పుకోవద్దు. వాటికి అర్థం లేదు. గడి పేరు పెట్టి రాయాలి. 7...హెచ్6 దగ్గర ‘జి5 గుర్రాన్ని తరుముతోంది’ అని మీ వాడు కచ్చితంగా రాస్తాడు. అది నిజమే. ‘మరి హెచ్7లో ఉన్న బంటు ఇందాకటి దాకా ఏ గడి కాస్తోంది?’ అని మీరు అడగండి. మీకు చెస్ రాకపోయినా ఈ ప్రశ్న అడగొచ్చు. జవాబు జి6. గేమంతా ఆ గడి మీదే తిరిగింది.

ప్రశ్న: 7...హెచ్6 ఎందుకు అంత పెద్ద తప్పు? గుర్రం మీదికొస్తే బంటుతో తరమడం మామూలే కదా? – డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: ఒక ఎత్తు వెనక్కి వెళ్తే విషయం తేటగా కనబడుతుంది. 6. బిషప్ డి3 తర్వాత నలుపు ఇ6 ఆడకుండా అప్పుడే హెచ్6 ఆడిందనుకోండి. తెలుపు గుర్రం నేరుగా ఇ6లో దిగుతుంది. దాన్ని ఎఫ్7 బంటుతో చంపితే బిషప్ జి6, చెక్‌మేట్. ఎందుకో వేలు పెట్టి చూడండి. ఎఫ్7 బంటు వెళ్లిపోయింది కాబట్టి బిషప్ చూపు జి6 నుంచి రాజు దాకా సూటిగా పోతుంది. డి8లో మంత్రి, డి7లో గుర్రం, ఇ7లో బంటు, ఎఫ్8లో బిషప్, అన్నీ సొంత పావులే. ఎఫ్7 ఖాళీగా ఉన్నా అక్కడ బిషప్ కాపు ఉంది. హెచ్7లో బంటు ఉండి ఉంటే ఆ బిషప్‌ను జి6లోనే చంపేసేది. అది ఒక గడి ముందుకెళ్లి కూర్చుంది. కాబట్టి ఆ గుర్రాన్ని ముట్టుకునే వీల్లేదు, నలుపు మంత్రి తప్పుకోవాల్సిందే.

6...ఇ6 ఆడాక ఇ7 గడి ఖాళీ అయింది కాబట్టి మేట్ పోయి చెక్ మిగిలింది. జి6 లోటు మాత్రం అలాగే ఉంది. 8. గుర్రం×ఇ6 బలిని ఎఫ్7 బంటుతో అప్పుడే తీసుకుంటే 9. బిషప్ జి6 చెక్‌కి రాజు ఇ7కి వెళ్లడం తప్ప గతి లేదు. తెలుపు ఒక గుర్రమిచ్చి ఒక బంటు తీసుకుంది, బదులుగా నడిబోర్డులో ఇరుక్కుపోయిన రాజు దొరికింది.

సరైన వరస 7...బిషప్ డి6. తర్వాత తెలుపు 8. మంత్రి ఇ2 ఆడితే అప్పుడు 8...హెచ్6. తెలుపు 9. గుర్రం ఇ4 అని వెనక్కి రావడమే రివాజు, 9...గుర్రం×ఇ4, 10. మంత్రి×ఇ4తో ఆట సాగుతుంది. బిషప్ ముందే బయటికి రావడంతో ఎఫ్8 ఖాళీ. ఇ6లో గుర్రం బలిచ్చి జి6లో చెక్ చెప్పినా రాజుకి ఇ7, ఎఫ్8 అని రెండు దారులున్నాయి. బిషప్ కూడా రాజు వెనక సమాధి కాలేదు. బలిలో మునుపటి పస ఉండదు. అవే రెండు ఎత్తులు, ఏది ముందన్నదే తేడా.

ఇంకొకటి. 8. గుర్రం×ఇ6 తర్వాత కాస్పరోవ్ బంటుతో తీసుకోలేదు, మంత్రిని ఇ7లో పెట్టారు. ఉద్దేశం అర్థమవుతుంది, రాజుకి డి8 దొరుకుతుంది. తెలుపు క్యాస్లింగ్ చేశాక మంత్రితో ఇ6 గుర్రాన్ని చంపితే రూక్ ఇ1 వచ్చి మంత్రిని రాజుకి అతికించేస్తుంది. అందుకే 9...ఎఫ్×ఇ6 ఆడక తప్పలేదు. దీన్ని 8...ఎఫ్×ఇ6, 9. బిషప్ జి6 చెక్, రాజు ఇ7, 10. క్యాస్లింగ్, మంత్రి సి7, 11. రూక్ ఇ1, రాజు డి8 వరసతో పక్కపక్కన పెట్టి చూడండి. రెండింట్లోనూ రాజు డి8కే చేరాడు. రెండోదాంట్లో మంత్రి సి7లో ఉంది, ఎఫ్8 బిషప్‌కి దారి ఉంది. మొదటిదాంట్లో మంత్రి ఇ7లో తలుపుకి అడ్డంగా కూర్చుంది. గేమ్‌లో ఆ బిషప్ మొదటిసారి కదిలింది 18వ ఎత్తుకి, అదీ తన మంత్రిని చంపిన రూక్‌ను తీయడానికి. నల్ల రూకులు రెండూ పుట్టిన గడుల్లోనే ఉండిపోయాయి.

ప్రశ్న: అయితే కారో-కాన్‌లో హెచ్6 అసలు ఆడకూడదా? నేను చాలా గేముల్లో చూశాను. – బ్యాంకు ఉద్యోగి, కర్నూలు

జవాబు: మీరు చూసింది 4...గుర్రం డి7 కాదు, 4...బిషప్ ఎఫ్5 అయ్యుంటుంది. అందులో 5. గుర్రం జి3, బిషప్ జి6, 6. హెచ్4 వస్తుంది. ఇక్కడ నలుపు ఏమరుపాటుగా వేరే పని చూసుకుంటే 7. హెచ్5, బిషప్ దొరికిపోయింది. ఎఫ్5, ఇ4 గడుల్లో జి3 గుర్రం కాపలా ఉంది, హెచ్5 బంటును తింటే ప్రాణం పోతుంది. అందుకని 6...హెచ్6 ఆడి బిషప్‌కి హెచ్7లో బొరియ తవ్వుతారు. 7. గుర్రం ఎఫ్3, గుర్రం డి7, 8. హెచ్5, బిషప్ హెచ్7, 9. బిషప్ డి3, బిషప్×డి3, 10. మంత్రి×డి3. వేలసార్లు ఆడిన దారి ఇది. 6...హెచ్5 కూడా ఆడతారు, అది వేరే కథ.

గమనించారా, ఈ దారిలో నల్ల బిషప్ ముందు జి6లోనే ఉంది, తర్వాత తెల్ల బిషప్‌తో మారకమైపోయింది. జి6 మీదికి దూకేవాడే మిగలలేదు. 4...గుర్రం డి7లో ఆ తెల్ల బిషప్ డి3లో గుడ్లురుముతూ కూర్చుంటుంది. రెండు దారుల్నీ ఒకే నోటుబుక్కులో, ఒకే పేజీలో, తేదీ కూడా వేయకుండా రాసుకునేవాళ్లు చేసే పొరపాటే ఇది: ఒకదాంట్లో తప్పనిసరైన ఎత్తు చేతికి అలవాటై, రెండోదాంట్లో ఆలోచించకుండా జారిపోతుంది. వేర్వేరు పేజీలు పెట్టుకోండి. ప్రతి పేజీ పైన ‘హెచ్6: అవసరం’ అనో ‘హెచ్6: బిషప్ డి6 తర్వాతే’ అనో ఎర్ర పెన్నుతో రాసుకోండి. ఇది చిన్నపిల్లల పనిలా అనిపిస్తుంది, పోటీలో ఆదుకునేది అదే.

ప్రశ్న: కాస్పరోవ్ అంతటి ఆటగాడికి ఈ బలి తెలియదా? కంప్యూటర్ లెక్కగట్టి గుర్రాన్ని బలిచ్చిందా? – హైదరాబాద్

జవాబు: లెక్కగట్టలేదు. డీప్ బ్లూ సెకనుకి దాదాపు 20 కోట్ల స్థితులు పరిశీలించగల యంత్రమే, కానీ 8. గుర్రం×ఇ6 దానిలోకి ముందే ఎక్కించిన ఓపెనింగ్ పుస్తకంలోది. ఈ బలి అప్పటికే సిద్ధాంతంలో ఉన్నదే. ఆ రోజుల్లో యంత్రాలు పావును ఊరికే వదులుకోవడానికి మొగ్గేవి కావు. పుస్తకం ఆ మొహమాటాన్ని తీసేసింది. కాస్పరోవ్ విషయానికొస్తే, ఆయన బుర్రలో ఏముందన్నది మేం చెప్పలేం. బోర్డు చెప్పేది ఇంతే: ఇ4కి సిసిలియన్ (సి5) ఆడే మనిషి, ఐదు గేములకి 2.5-2.5 దగ్గర ఉన్న మ్యాచ్‌లో, చివరి గేమ్‌కి కారో-కాన్ ఎంచుకున్నారు. రోజూ ఆడని ఓపెనింగ్‌లో ముందుగా చెడేది ఎత్తుల వరసే. మ్యాచ్ 3.5-2.5తో యంత్రానికి పోయింది. అంతకుముందు ఏడాది ఫిలడెల్ఫియాలో 4-2తో గెలిచింది ఆయనే.

ప్రశ్న: 19. సి4 దగ్గర పావులు లెక్కేస్తే నలుపు ఓడినట్టు లేదు. తొందరపడి రిజైన్ చేశారా? – ఇంటర్ విద్యార్థిని, విజయనగరం

జవాబు: లెక్కేసినందుకు ముందు మెచ్చుకోవాలి, చాలామంది ‘మంత్రి పోయింది కదా’ అని వదిలేస్తారు. తెలుపుకి మంత్రి, ఒక రూక్, బిషప్, గుర్రం, ఆరు బంట్లు. నలుపుకి రెండు రూకులు, రెండు బిషప్‌లు, రెండు గుర్రాలు, ఐదు బంట్లు. మంత్రి 9, రూక్ 5, బిషప్, గుర్రం 3 చొప్పున, బంటు 1 వేసుకుంటే నలుపుకే ఒక పాయింటు ఎక్కువ!

ఇప్పుడు రాజును చూడమ్మా. సి8లో ఉన్నాడు. జి3లోని తెల్ల బిషప్ ఎఫ్4, ఇ5, డి6 మీదుగా సి7, బి8 గడుల్ని మూసేసింది. సి4 బంటు అటు బి5నీ ఇటు డి5 గుర్రాన్నీ పొడుస్తోంది. 19...బి×సి4 అంటే 20. మంత్రి×సి4, సి6 బిషప్ మీద దాడి. దాన్ని కాపాడదామని 20...రాజు బి7 అంటే 21. మంత్రి ఎ6, చెక్‌మేట్. ఆ మంత్రిని రాజు చంపలేడు, వెనక ఎ1లో రూక్ కాపుంది. ఆ రూక్ చూపు ఎ6 దాకా ఎలా వచ్చింది? 12. ఎ4, 15. ఎ×బి5 వల్ల. ఆ దారి తెరిచే అవకాశం ఇచ్చింది నలుపు ఆడిన 11...బి5. సి4 బంటును ఆపుదామని ఆడిన ఎత్తే రాజు పక్కన గోడ కూల్చింది. రిజైన్ దగ్గర నుంచి వెనక్కి నడుస్తూ ‘ఈ గడి ఎప్పుడు తెరుచుకుంది?’ అని వెతకడం ఈ గేమ్‌లో అన్నిటికంటే లాభసాటి కసరత్తు. రాజు బి7 కాకుండా 20...గుర్రం బి4తో సి6ని కాపాడొచ్చు. అప్పుడు తెలుపు ఏం ఆడాలో నువ్వే పది నిమిషాలు కూర్చుని చూడు. ఒక పావు ఇంకా ఆటలోకే రాలేదు, దాన్ని తెచ్చే ఎత్తు వెతుకు.

ప్రశ్న: స్టాక్‌ఫిష్ లాంటి చెస్ ఇంజిన్ (ఎత్తుల్ని లెక్కగట్టే ప్రోగ్రామ్) ఉండగా ఇంత శ్రమ ఎందుకు? ఎర్ర గుర్తు పడ్డ చోట తప్పు అని తెలిసిపోతుందిగా. – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, బెంగళూరు

జవాబు: తప్పు అని తెలుస్తుంది, ఎందుకు తప్పో తెలియదు. ఇంజిన్‌ను ముందే పెడితే గేమంతా అర్థమైపోయినట్టే ఉంటుంది, వారం తిరిగేసరికి ఏమీ గుర్తుండదు. మీ నోట్స్ రాయడం పూర్తయ్యాకే పెట్టండి. మొత్తం గేమ్ మీద కాదు, మీరు తడబడిన మూడు నాలుగు స్థితుల్లో మాత్రం. ఒక్క ఎత్తు చూపించేలా కాకుండా మూడు దారులు చూపించేలా సెట్టింగ్ మార్చండి. మొదటిదానికీ మూడోదానికీ తేడా బంటులో నాలుగో వంతు కూడా లేకపోతే మీకు నచ్చింది ఆడుకోవచ్చు. తేడా రెండు బంట్లకి మించిందంటే అక్కడ ఒక్కటే ఎత్తు ఉందన్నమాట, దాన్నే కంఠస్థం చేయాలి. కంఠస్థానికి న్యాయమైన చోటు అదొక్కటే.

ఇంజిన్ ‘సమానం’ అన్న ప్రతి స్థితీ మనిషికి సమానం కాదన్నది కూడా మరిచిపోవద్దు. రాజు డి8లో కూర్చుని, ఇరవై ఎత్తుల పాటు ప్రతిసారీ ఒక్క సరైన ఎత్తు వెతుక్కోవాల్సిన వైపు మీరుంటే, సున్నా అంకె చూసి సంబరపడటంలో అర్థం లేదు.

లైచెస్ వెబ్‌సైట్‌లో ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ ఉచితం. మాస్టర్ల గేములు ఒకవైపు, మామూలు ఆటగాళ్ల గేములు ఇంకోవైపు ఉంటాయి. రెండోదాన్ని మీ రేటింగ్ పరిధికి కుదించి చూడండి. మీకు ఎదురయ్యేవి ఆ ఎత్తులే. 2024లో సింగపూర్‌లో గుకేశ్ ప్రపంచ చాంపియన్ అయినప్పుడు ఆయన టీమ్‌లో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ ఉన్నారు. ఆ స్థాయిలో వెతికేది ఎదుటి మనిషి ఊహించని కొత్త ఎత్తు. క్లబ్బు స్థాయిలో ఆ వెతుకులాట దండగ. ఎదుటివాళ్లు నూటికి ఎనభైసార్లు ఆడే నాలుగు ఎత్తులకి జవాబు ఉంటే చాలు.

ప్రశ్న: 4...గుర్రం డి7 ఆడాను. ఎదుటివాళ్లు 5. మంత్రి ఇ2 పెట్టారు. నేను రెండో గుర్రాన్ని ఎఫ్6కి తెచ్చాను, అంతే, ఆట అయిపోయింది! – ఎనిమిదో తరగతి, ఖమ్మం

జవాబు: 6. గుర్రం డి6, చెక్‌మేట్. ఇ7 బంటుతో చంపబోతే వెనక ఇ2 మంత్రి నీ రాజును చూస్తోంది, బంటు కదలకూడదు. రాజు చుట్టూ నీ పావులే. డి8 మంత్రితో చంపుదామంటే మధ్యలో డి7 గుర్రం అడ్డు. చాలా పాత ఉచ్చు ఇది, పెద్దవాళ్లూ పడ్డారు. 5. మంత్రి ఇ2 కనబడితే ఎఫ్6కి రావాల్సింది ఇంట్లో ఉన్న గుర్రం కాదు, డి7లో ఉన్న గుర్రం. అది తప్పుకోగానే నీ మంత్రికి డి6 దాకా దారి తెరుచుకుంటుంది. అప్పుడు గుర్రం డి6కి వస్తే మంత్రితో తినేయడమే.